మావయ్య నెత్తిన టీచరు విగ్గు

మావయ్య తన కొట్లో ఏ విగ్గూ ఊరికే అమ్మడు. ముందు తను ఒక రోజంతా దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగి రావాలి. మగవాళ్ళదా, ఆడవాళ్ళదా, భుజాల దాకా ఉందా, నడుం దాకా ఉందా అన్న పట్టింపే లేదు. మనిషి చూస్తే తాటిచెట్టంత పొడుగు, గుబురు మీసం. ఆ మీసానికి పైన ఒకరోజు ఉంగరాల జుట్టు, ఇంకోరోజు రెండు జడలు. ఆ అవతారంలోనే బస్సెక్కుతాడు, బ్యాంకుకెళ్తాడు, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ పలకరిస్తాడు.

"ఇవాళ జడలు బాగున్నాయండోయ్!" అని ఎవరైనా ఏడిపిస్తే, "బాగుండడం ఎవరిక్కావాలండీ? చురుక్కుమంటున్నాయా అని అడగండి!" అంటాడు. ఇక అడగడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఈ వేషాలన్నీ భరించాల్సింది మేనకోడలు. పాపం, చదువైపోగానే ఆయన కొట్లోనే పనికి కుదిరింది. ఓసారి ఇద్దరూ బ్యాంకుకి వెళ్ళారు. గుమాస్తా తల వంచుకునే "చెప్పండి మేడమ్" అని, తలెత్తి మీసం చూసి నీళ్ళు నమిలాడు. "మీ ఫ్యాను గాలికి కూడా కదల్లేదు, గమనించారా?" అన్నాడు మావయ్య సంబరంగా. మేనకోడలికి తల కొట్టేసినంత పనైంది.

అలాగని పనిలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. జిగురు మాటెత్తితే చాలు, ఒంటికాలి మీద లేస్తాడు. "నెత్తంటే గోడనుకున్నారా, పోస్టరు అంటించడానికి?" అంటాడు. ఆయన విగ్గుకి లోపల మఖమల్ పట్టీ ఉంటుంది, వెనక వదులూ బిగువూ చేసుకునే ఎలాస్టిక్ ఉంటుంది. క్లిప్పు తప్పదంటే జుట్టు ఒత్తుగా ఉన్న చోటే, అదీ రోజూ ఒకే చోట కాదు. పడుకునే ముందు తీసి పక్కన పెట్టాల్సిందే. "పగలంతా మోసింది కదమ్మా, నెత్తిని కాస్త గాలి పీల్చుకోనివ్వండి" అని, వచ్చినవాళ్ళ నెత్తి తరఫున వాళ్ళతోనే పోట్లాడతాడు.

అలాంటి కొట్టుకి ఓ ఉదయం లెక్కల టీచరు వచ్చింది. తలకి గట్టిగా రుమాలు కట్టుకుంది. కూర్చోగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"బోర్డు మీద లెక్క వేస్తున్నానండీ. మధ్యలో ఎవరో పిలిస్తే గబుక్కున తిరిగాను. నేను పిల్లల వైపు తిరిగాను, విగ్గు మాత్రం బోర్డు వైపే ఉండిపోయింది."

మేనకోడలికి పొంగుకొచ్చిన నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే టీచరు నవ్వట్లేదు.

"క్లాసు క్లాసంతా బల్లల మీద పడి దొర్లారు. అప్పట్నుంచీ సెలవులో ఉన్నాను. వచ్చే సోమవారం వెళ్ళక తప్పదు. ఇంకొక్కసారి నవ్వారంటే రాజీనామా ఇచ్చేస్తానండీ. లెక్కలు చెప్పడం తప్ప నాకింకే పనీ రాదు, ఇంకే పనీ ఇష్టం కూడా లేదు."

మావయ్య మెల్లగా రుమాలు విప్పి చూశాడు. జిగురు పెట్టిన చోటల్లా ఎర్రగా కందిపోయింది, క్లిప్పులు లాగిన చోట జుట్టే లేదు. "చురుక్కుమంటోందా తల్లీ?" అన్నాడు. ఆవిడ తలూపింది. "సోమవారానికి నేనిస్తాను. అందాకా దీన్ని ఏమీ చెయ్యకు, వదిలెయ్" అన్నాడు.

విగ్గు తయారైంది. మామూలుగానే తను పెట్టుకున్నాడు. అయితే ఈసారి ఒక రోజుతో తియ్యలేదు. పైగా రోజూ సాయంత్రం బడి వదిలే వేళకి కొట్లోంచి మాయమైపోతున్నాడు. ఎక్కడికయ్యా అంటే పక్క కొట్టు దర్జీ వచ్చి గుట్టు విప్పాడు. "మీ మావయ్య బడి గేటు ముందు నిలబడ్డాడమ్మా! చుట్టూ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు!"

మేనకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో అందుకుంది.

"మావయ్యా, నీకేమైనా మతిపోయిందా? ఏ బడికెళ్ళాలంటే ఆవిడ వణికిపోతోందో, సరిగ్గా ఆ బడి ముందు ఆవిడ విగ్గే పెట్టుకుని నిలబడతావా?"

"ఎడమ చెవి వెనక చురుక్కుమందే అమ్మాయ్. పట్టీ కాస్త పైకి జరపాలి."

"ఆవిడ పరువేం కావాలి?"

"కుట్టు కూడా గట్టిగా పడింది. ఆ కత్తెర ఇలా ఇవ్వు."

ఏం చేస్తుంది? కత్తెర ఇచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆ మర్నాడు చొక్కా బొత్తాలు ఊడి, జుట్టంతా చింపిరిగా, ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు. ఇక మాట్లాడి లాభం లేదని ఆమె మూతి ముడుచుకుని కూర్చుంది. ఆయన విగ్గుని శుభ్రంగా తలంటి, ఆరబెట్టి, దువ్వి, సోమవారం పొద్దున్నే టీచరు తలకి అమర్చాడు.

జరిగిందంతా ఆవిడకి చెప్పేద్దామనుకుంది మేనకోడలు. ఆ బిక్కమొహం చూశాక నోరు రాలేదు. మనసాగక ఆవిడ వెంటే బడికెళ్ళి, వరండాలో కిటికీ పక్కన నిలబడింది.

టీచరు లోపలికెళ్ళింది. బోర్డు మీద లెక్క రాసింది. రాయడం అయిపోయినా ఇటు తిరగదే! సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరికి టీచరు ఒక చెయ్యి నెత్తిమీద పెట్టుకుని, కొంచెం కొంచెంగా తిరిగింది.

ముందు బల్ల పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, చెయ్యి తీసెయ్యండి. అది ఊడదు. మేమందరం లాగి చూశాం."

"ఏంటీ?"

"గేటు దగ్గర మీసాల తాతగారు లాగమన్నారు టీచర్. ఇది మీ టీచరు విగ్గే, ఎవరెంత లాగుతారో లాగండి అన్నారు."

"వీడైతే వేలాడాడు టీచర్!" వెనక నుంచి ఇంకో గొంతు. "అయినా రాలేదు!"

"మొదటి రోజు బాగా నవ్వొచ్చింది. తర్వాత రోజూ అదే కదా, విసుగొచ్చేసింది" అంది ముందు బల్ల పిల్ల, ఆవులిస్తూ.

కిటికీ బయట మేనకోడలికి అప్పుడర్థమైంది. ఈ క్లాసులో మిగిలిన నవ్వంతా మావయ్య రోజూ గేటు దగ్గర నిలబడి తన మీదే ఖర్చు పెట్టించేశాడు. ఆయన మీద ఎంత కోపం పెట్టుకుందో అంత ముద్దొచ్చాడు.

టీచరు మెల్లగా చెయ్యి దించింది. తలని ఒకసారి కుడికీ, ఒకసారి ఎడమకీ విసురుగా తిప్పి చూసుకుంది. ఆవిడకే ముందు నవ్వొచ్చింది. ఆవిడతో పాటు క్లాసూ నవ్వింది. తర్వాత సుద్దముక్కతో బోర్డు మీద టకటకా కొట్టింది.

"సరే, ఈ లెక్క ఎవరు చేస్తారు?"

విగ్గు లాగడానికి ఎగబడ్డ చేతుల్లో ఒక్కటంటే ఒక్కటీ లేవలేదు.