యొర్దానులో మెడ దాకా వచ్చిన ఏసయ్య

మా చర్చిలో బాప్తిస్మమిచ్చే తొట్టి వెనక గోడ మీద యొర్దాను నది ఉంటుంది. పాత పెయింటరు దాని ఒడ్డున కొబ్బరిచెట్లు గీశాడు, ఓ జీడిమామిడి కూడా. మా ఉద్దానం తోటల్లో పుట్టినవాడికి ఒడ్డంటే అదే మరి. ఇన్నేళ్ళుగా ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. మొన్న గోడ చెమ్మగిల్లి నది పెచ్చులూడిపోతే, పలాసలో బోర్డులు రాసుకునే నన్ను పాస్టరు గారు పిలిపించారు.

"ఈసారి నదిలో ఏసయ్యను కూడా నిలబెట్టు బాబూ" అన్నారు.

నది సులువుగానే వచ్చేసింది. ఏసయ్య దగ్గర మెడ దాకా వచ్చి ఆగిపోయాను.

ఫోనులో వెతికాను. ఆయన చూడ్డానికి ఎలా ఉండేవాడో సువార్తలు రాసిన నలుగురిలో ఎవరూ చెప్పలేదట. వలలో ఎన్ని చేపలు పడ్డాయో లెక్క రాశారు గానీ ముక్కు ఎలా ఉండేదో రాయలేదు. అందుకని ఎవరికి తోచినట్టు వాళ్ళు గీసుకున్నారు. మొదట్లో రోములో, నేలమాళిగ సమాధుల గోడల మీద, గడ్డం లేని కుర్రాడు, భుజాన గొర్రెపిల్ల. చక్రవర్తులు మతంలోకి వచ్చాక గడ్డమూ సింహాసనమూ వచ్చాయి. ఇథియోపియాలో చామనఛాయ, ఇంతేసి కళ్ళు. యూరప్‌లో ఒళ్ళు తెల్లబడింది, కళ్ళు నీలమయ్యాయి. మన క్యాలెండర్లకు దిగుమతైంది ఆయనే. ఒక జర్మనీ పెయింటరైతే తన బొమ్మనే క్రీస్తులా గీసుకున్నాడు. మొత్తానికి ప్రతివాడూ దగ్గరున్న మనిషినే చూసి గీశాడు.

ఇబ్బంది అక్కడే వచ్చింది. నాకు దగ్గర మనిషి లేడు.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న నిరుడు కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఇంటింటా ఉన్న జబ్బే, అదేమంత వార్త కాదు కాబట్టి నేనూ పెద్దగా చాటలేదు. అప్పట్నించి ఇంట్లో నేనూ, ఫ్యానూ. ఇద్దరిలో ఫ్యానే ఎక్కువ మాట్లాడుతుంది.

కాసేపు ఎదురుగా కూర్చోమని మా బావను బతిమాలాను. వచ్చాడు. వచ్చి ఫోనులోకి తల దూర్చాడు.

"తలెత్తు బావా."

"నా తలకాయతో నీకేటి పని? ఏసయ్యకి జుట్టుంటాది. నాకుందేటి?" అని జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు.

ఇక ఆ జర్మనీవాడి దారే పట్టాను. గడ్డం గీసుకునే అద్దాన్ని తొట్టి గట్టున ఆనించి, దాంట్లో చూసుకుంటూ ముఖం పూర్తిచేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా తొట్టి చుట్టూ మూగింది. పెద్దల్లో ఒకాయన కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"ఏట్రా ఇది? నీ మొకానికే గెడ్డం ఎట్టీసినావు!"

"నేదు మావా, ఆయనే నాలాగ పుట్టీసినాడు."

"కేలెండర్లో ఏసయ్య ఎంత సల్లగుంటాడు!" అంది ఆయన పక్కనున్నావిడ. "ఈయనేటి, పిలిసిన సుట్టాలెవులూ రానోడిలాగ సూత్తన్నాడు!"

అందరూ నవ్వారు, నాతో సహా. గీసేటప్పుడు మాత్రం ఆ చూపు శాంతంగా ఉందనే అనుకున్నాను.

ముఖం చెరిపి మళ్ళీ గీయాలని తేల్చి, అందరూ భోజనాలకు వెళ్ళిపోయారు. నాకు వరసకు అత్తయ్యే ముసలావిడ ఒక్కతే మిగిలింది. ఊరూరా తిరిగి ఎండుచేపలు అమ్ముతుంది.

"నాకు బాగానే ఉందిరా. ఇంటికాడ నిన్ను సూసీవోల్లు నేరు. ఇక్కడైనా పదిమందీ సూద్దురు."

  తెల్లరంగు డబ్బా మూత తీసి గోడ మీది ముఖానికి పూత వేశాను.

"అయితే నువ్వు కూకో అత్తా. నీ మొకం గీత్తాను."

"నాకు గెడ్డముందేట్రా?"

"గెడ్డం నాను ఎడతాను. కళ్ళు నువ్వియ్యి."

"నీ యాపారం బాగుందిరా" అంటూ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. చేపల ధర గురించి చెబుతూ చెబుతూనే కునుకు తీసింది. పూత ఆరే దాకా ఆగి పెన్సిలు తీశాను. లేపి, కళ్ళు తెరవమనొచ్చు. తెరిస్తే ఆవిడకు ఇంటికెళ్ళాలన్న సంగతి గుర్తొస్తుంది. ప్రార్థనలో ఉన్న ఏసయ్య అని పాస్టరు గారికి నచ్చజెప్పుకోవచ్చనుకుని, ఎండకు కమిలిన ఆ బుగ్గలూ నుదుటి మడతలూ గీసి, మూసిన రెప్పల దగ్గర మాత్రం అవసరానికి మించి ఆలస్యం చేశాను.