పెంచలమ్మ రాయలేని జవాబు

అది 1962వ సంవత్సరం. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను ఇంగ్లీషు మేష్టరుని. సముద్రం దగ్గరే. తూర్పుగాలి తిరిగిందంటే ఎండుచేపల వాసన తరగతిలోకి వచ్చేసేది. ఆ వాసన పీలుస్తూనే మంచు కురిసే దేశాల కథలు పాఠం చెప్పేవాణ్ణి. నాకు నోరు కాస్త దురుసు. పిల్లలు నన్ను చూసి భయపడేవాళ్ళు, నేను పబ్లిక్ పరీక్షను చూసి భయపడేవాణ్ణి.

ఎస్సెల్సీ ఇంగ్లీషు పేపర్లో అన్‌సీన్ ప్యాసేజ్ అని ఒకటుండేది. పిల్లలు అంతకుముందు ఎన్నడూ చూడని ఒక పేరా ఇచ్చి, దాని కింద ప్రశ్నలు ఇస్తారు. చదివి, అర్థం చేసుకుని, అందులో ఉన్నదాన్ని బట్టి జవాబు రాయాలి. దీన్నే కాంప్రహెన్షన్ అనేవాళ్ళం. మిగతా పేపరంతా గైడు బట్టీ పట్టి నెట్టుకొచ్చే మొనగాళ్ళ పప్పులు ఇక్కడ ఉడికేవి కావు. "జవాబు మీ బుర్రలో లేదురా, పేజీలో ఉంది. పేజీలో ఉన్నది చెప్పండి చాలు" అని గొంతు పోయేదాకా అరిచేవాణ్ణి.

ఆ ఏడు మార్చి పరీక్షలో పెంచలమ్మ ఒక్క ఇంగ్లీషే తప్పింది. వాళ్ళమ్మ రమణమ్మ ఊరి చివర ఉన్న మిషన్ ఆసుపత్రిలో ఆయా. రిజల్ట్సు వచ్చిన వారానికి కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అయ్యవారా, డాక్టరమ్మ దీనికి నర్సు ట్రైనింగులో సీటు పెట్టుండాది. సెప్టెంబరు పరీక్షలో గానీ ఇంగ్లీషు పాసు కాలేదంటే ఆ సీటు ఇంకొకరికి పోతాదంట. అప్పుడు ఇది కూడా నా మాదిరే బెడ్‌పాన్లు కడుక్కుంటా ఉండాల్సిందే. మీరే ఎట్టయినా గట్టెక్కించాల."

"నువ్వు దిగులు పడొద్దు రమణమ్మా. రేపట్నుంచి పొద్దున్నే పంపించు" అన్నాను. ఎంతోమందిని గట్టెక్కించానన్న ధీమా నాది. పెంచలమ్మ తల్లి వెనక నిలబడి మా వసారా స్తంభాన్ని గోరుతో గీకుతోంది.

మర్నాటి నుంచి వసారాలో చాప మీద పాఠం మొదలైంది. నా భార్య సరోజ గడప దగ్గర కూరగాయలు తరుగుతూ వింటూ ఉండేది. ఆవిడకు ఇంగ్లీషు రాదు గానీ ఎవరు తిట్లు తింటున్నారో బాగా తెలిసేది. మధ్యలో లేచి ఆ పిల్లకు కాఫీ ఇచ్చేది.

పెంచలమ్మ చదవడం వింటే నాకు ఆశ్చర్యం వేసింది. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపేది, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచేది. ఇంత చక్కగా చదివే పిల్ల ఎందుకు తప్పిందా అనుకున్నాను. జవాబులు చూశాక తెలిసింది. ఒక ప్యాసేజ్‌లో లైట్‌హౌస్ కాపలాదారు కుక్క తుఫానులో చచ్చిపోతుంది. కుక్క ఏమైంది అన్న ప్రశ్నకు ఈ పిల్ల, "కుక్కకు నీరసం వచ్చింది, కాపలాదారు పాలు పోశాడు" అని రాసింది. ఇంకో దాంట్లో రైతు కాడెద్దులు అమ్మేసి ఏడుస్తాడు. ఎందుకు ఏడ్చాడు అంటే, "దూరం నడిచి కాళ్ళు నొప్పి పుట్టినందువల్ల" అట. నాకు ఒళ్ళు మండిపోయింది.

అర్థం కాక ఊహించి రాస్తోందనుకున్నాను. పరీక్షలో దాన్ని గెస్ కొట్టడం అంటారు. మాటల అర్థాలు రోజూ వప్పచెప్పించాను. అన్నీ చెప్పేది. ఒకరోజు పడవవాడి కథ ఇచ్చాను. పడవ మునిగి అతను చనిపోతాడు.

"పెరిష్డ్ అంటే ఏంది?" అని అడిగాను.

"చచ్చిపోయినాడని సార్."

"మరి 'ఈదుకుంటా ఒడ్డుకు చేరినాడు' అని ఈడ రాసిందెవరు, మీ తాతా?"

"నేనే సార్."

"ఎందుకు రాసినావు?"

"తెలీదు సార్. చెయ్యి అట్టా పోయింది" అంది, కాయితం వంకే చూస్తూ.

"చెయ్యి అట్టా పోతే సీటు కూడా అట్టే పోతాది!" అని కసిరాను. పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "ఊరుకోండి, పాపం. దానికి అన్నీ తెలిసినట్టే ఉండాయి గదా, ఇంకేదో అడ్డం పడతా ఉండాది" అంది సరోజ గడప దగ్గర్నుంచి. ఇంగ్లీషు రాని మనిషి సలహా నాకెందుకని ఊరుకున్నాను.

ఆగస్టులో నా కాలికి తుప్పు మేకు దిగింది. ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవడానికి మిషన్ ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి తెల్ల డాక్టరమ్మ వచ్చి రెండేళ్ళే అయింది, తెలుగు రాదు. నర్సులేమో మలయాళీలు, వాళ్ళ తెలుగు వాళ్ళకే అర్థం కావాలి. అందుకని డాక్టరమ్మ ఇంగ్లీషును రోగులకు తెలుగులో చెప్పే పని పెంచలమ్మ చేస్తోంది. తల్లి వెంట ఆ ఆవరణలోనే పెరిగి, చెవితో నేర్చుకున్న ఇంగ్లీషు ఆ పిల్లది. ఈ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియనే తెలియదు.

నేను బెంచీ మీద కూర్చుని ఉండగా ఒక రైతు, అతని భార్య నాలుగైదేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చారు. బిడ్డ గొంతు వాచిపోయింది. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, ముఖం గంభీరంగా పెట్టి, ఇంగ్లీషులో చెప్పింది: ఇది డిఫ్తీరియా, గొంతులో పొర కమ్ముతోంది, ఇంటికి తీసుకుపోతే దారిలోనే చనిపోతాడు, ఇక్కడ ఉంచినా బతుకుతాడని మాట ఇవ్వలేను.

పెంచలమ్మ వాళ్ళవైపు తిరిగి నెమ్మదిగా, "బిడ్డకు కొంచెం నలతగా ఉండాదంట అన్నా. నాలుగు రోజులు ఈడ ఉంటే మంచిదంట" అంది.

రైతు ముఖం తేటపడింది. "నలతేనా? నేను ఏందో అనుకొని హడలిపోయినా. రేపు కాలవ నీళ్ళ వంతు మాది, మనిషి లేకపోతే పక్కవాడు మడవ తిప్పి నీళ్ళు మళ్ళించుకుంటాడు. ఏదన్నా మందు ఇమ్మని చెప్పమ్మా, పోతాం" అని బిడ్డను భుజాన వేసుకుని లేచాడు.

కుక్కకు నీరసం, రైతుకు కాళ్ళ నొప్పి, పడవవాడు ఒడ్డుకు చేరడం. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసిన జవాబులన్నీ అప్పుడు కళ్ళ ముందు తిరిగాయి. సుఖంగా ముగిసిన ప్యాసేజ్ ఒక్కదాంట్లో కూడా ఆ పిల్ల తప్పు రాయలేదు! ఆ ముక్క నాకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు. కాలి నొప్పి మరిచిపోయి లేచి, తరగతిలో అరిచినట్టే అరిచాను.

"పెంచలా! పేజీలో ఉండేది చెప్పు!"

ఆ పిల్ల అదిరిపడి నన్ను చూసింది. రైతు అప్పటికే గడప దాటాడు. పరుగున పోయి అతని చెయ్యి పట్టుకుంది.

"అన్నా, తీసకపోవద్దన్నా. నేను సరిగ్గా చెప్పలేదు. తీసకపోతే బిడ్డ దోవలోనే... చచ్చిపోతాడంట. ఈడున్నా బతుకుతాడని డాక్టరమ్మ మాట ఇయ్యలేనంటా ఉండాది. అయినా ఈడే ఉంచాల."

తల్లి కెవ్వుమని నేల మీద కూలబడింది. పెంచలమ్మ కూడా పక్కనే కూలబడి ఆమెను పట్టుకుంది. రైతు బిడ్డను తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. డాక్టరమ్మ సూదులు పట్టుకుని పరిగెత్తింది. ఆ బిడ్డ బతికాడు. చాలా రోజులు పట్టింది గానీ బతికి తల్లి చెయ్యి పట్టుకుని నడిచి ఇంటికి పోయాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వసారాలో పెంచలమ్మను కూర్చోబెట్టి, తిట్టకుండా అడిగాను. ఆ పిల్లతో తిట్టకుండా మాట్లాడటం అదే మొదటిసారనుకుంటాను.

"చిన్నప్పుడు ఒక ముసలమ్మకు చెప్పినా సార్, నీ కొడుకు పోయినాడు అవ్వా అని. నర్సమ్మ చెప్పమంటేనే చెప్పినా. ఆ అవ్వ నా మీద మన్నెత్తి పోసింది. నీ నోట్లో దుమ్ము పడ, నువ్వు అనబట్టే పోయినాడు అనింది. మా అమ్మ నా నోట్లో చక్కెర పెట్టి, తథాస్తు దేవతలు ఉంటారు, ఇంకెప్పుడూ చెడ్డమాట నీ నోట రానీబాకే అనింది."

"నోట సరే, కాయితం మీద రాస్తే ఏమౌతాది?"

"రాసినా అంతే గదా సార్" అంది.

నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. ఇంటికి కుంటుకుంటూ వచ్చేసరికి సరోజ ఎదురొచ్చి, "బియ్యం నిండుకున్నాయండీ" అంది. గడపలోనే నిలబడిపోయాను. డబ్బా అడుగు కనబడుతుంటే నిండుకున్నాయంటాం. దీపాన్ని ఆర్పమనం, కొండెక్కించమంటాం. ఊరికి పోతూ పోతున్నామనం, వెళ్ళొస్తామంటాం. మనమందరం ఇలా మాట్లాడే పిల్లల్ని పెంచి, ఒకనాడు బెంచీ మీద కూర్చోబెట్టి, పరాయి భాషలో ఎవడో చచ్చిపోయాడు, ఏమయ్యాడో రాయమంటాం. పెంచలమ్మ మీద నాకు జాలి, ప్రేమ రెండూ పుట్టాయి. బియ్యం తేవడం మాత్రం మరిచిపోయాను, దానికి వేరే అక్షింతలు పడ్డాయి.

మర్నాడు పాఠం మార్చాను. "ఇదిగో పెంచలా, పేపరు దిద్దే ఆయన ప్యాసేజ్ నీకన్నా ముందే చదివుంటాడు. పడవవాడు పోయినాడని ఆయనకు తెలుసు. నువ్వు ఆయనకు కబురు మోసుకుపోవడం లేదు. నువ్వు చదివినావా లేదా అన్నదే ఆయన అడిగేది."

"మరి ఆసుపత్రిలో సార్? వాళ్ళకు ముందు తెలీదు గదా?"

పుస్తకం మూసి పక్కన పెట్టాను. "తెలీదు గాబట్టే చెప్పాల. చెప్పి లేచి వచ్చేయకుండా, మొన్న ఆ తల్లి పక్కన కూర్చున్నావే, అట్టా కూర్చో" అన్నాను. పిల్ల తలూపింది. తర్వాత చాలాసేపు పెన్సిలు నమిలి, పడవవాడి ప్రశ్న కింద 'హి డైడ్' అని రెండు మాటలు రాసింది. రాసి కళ్ళు మూసుకుంది. రాత్రి నేను చెప్పిందంతా విన్న సరోజ లోపల్నుంచి చిటికెడు చక్కెర తెచ్చి దాని నోట్లో వేసింది. ఇంక రోజూ అదే వరస. చావొచ్చిన ప్యాసేజ్‌కల్లా చక్కెర. మా ఇంట్లో చక్కెర డబ్బా తొందరగా నిండుకోసాగింది.

సెప్టెంబర్లో నెల్లూరు సెంటర్లో పరీక్ష. నేనూ బస్సెక్కి పోయి గేటు బయట నిలబడ్డాను. ప్యాసేజ్‌లో ఒక ముసలి గడియారాల రిపేరు ఆయన చివర్లో చనిపోతాడని ముందు బయటికొచ్చిన పిల్లలు చెప్పారు. పెంచలమ్మ వచ్చింది.

"ఏం రాసినావు?"

"చచ్చిపోయినాడనే రాసినా సార్. రాసి లెంపలేసుకున్నా. సూపర్‌వైజర్ వచ్చి, ఏమైంది పాపా, దోమలా అని అడిగినాడు."

నడిరోడ్డు మీద పగలబడి నవ్వాను. పెంచలమ్మ పాసైంది. సీటు నిలిచింది.

ఆరేళ్ళు గడిచాయి. 1968 వేసవిలో సరోజకు కడుపులో నొప్పి మొదలైంది. మిషన్ ఆసుపత్రిలో చేర్చాను. పెంచలమ్మ అప్పటికి అక్కడే స్టాఫ్ నర్సు. పరీక్షలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం నన్ను పక్కకు పిలిచి, బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"సార్, అమ్మ బతకదు సార్. కడుపులో గడ్డ బాగా పాకిపోయుండాది. కోసినా లాభం లేదు. వానలు పడేదాకా ఉంటే ఎక్కువ."

నాకు దాని మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కొంచెం నలత అనరాదా, నాలుగు రోజులు ఉంటే మంచిది అనరాదా అనిపించింది. పెంచలమ్మ లేచి పోలేదు. ఎవరో నర్సు పిలిచినా కదల్లేదు. నేను ఏడ్చినంతసేపూ నా పక్కనే కూర్చుంది.

ముఖం కడుక్కుని వార్డులోకి వెళ్ళాను. సరోజ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. "డాక్టరమ్మ ఏమన్నది?" అని అడిగింది.

"ఏముంది, కొంచెం నీరసమంట. టానిక్కు రాసిచ్చింది. పది రోజుల్లో లేచి తిరుగుతావంట" అన్నాను. గుక్క తిప్పుకోకుండా వచ్చాయి ఆ మాటలు.

సరోజ నన్ను కాసేపు చూసింది. కోపంగా కాదు. అన్‌సీన్ ప్యాసేజ్ పాఠాలు అన్నేళ్ళు గడప దగ్గర కూర్చుని విన్న మనిషి.

"పెంచల పొద్దున్నే చెప్పింది లెండి. నేనే అడిగినా. నా పక్కన చాలాసేపు కూర్చునింది" అని, నా చెయ్యి పట్టుకుంది. "మా అక్కను పిలిపించండి. మాట్లాడాల."

వాళ్ళక్కది చిల్లకూరు. ఒక పెళ్ళిలో పిలుపు సరిగా లేదని అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి మాటలు మానేశారు. ఆ సాయంత్రమే నేను బస్సెక్కాను. మర్నాడు ఆవిడ వచ్చి, గుమ్మంలోనే ఏడ్చి, తర్వాత చెల్లెలి తల దువ్వుతూ కూర్చుంది. ఇంటికి తెచ్చుకున్నాక ఇద్దరూ పగలంతా చిన్నప్పటి కబుర్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. వానలు మొదలయ్యే రోజుల్లో సరోజ వెళ్ళిపోయింది. చెయ్యి వాళ్ళక్క చేతిలోనే ఉంది.

రిటైరయ్యేదాకా కాంప్రహెన్షన్ చెబుతూనే ఉన్నాను. తప్పు జవాబు కనబడితే ఎర్ర ఇంకు తీసేముందు అది రాసిన పిల్లను పిలిచి, తెలియక రాశావా, తెలిసీ రాయలేకపోయావా అని అడగడం నేర్చుకున్నాను. రెండో రకం వాళ్ళు నేననుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారు. నేనూ ఆ రకమే. ఆ మధ్యాహ్నం వార్డులో ప్యాసేజ్ నాకు మాటమాటా అర్థమైంది. జవాబు నావల్ల కాలేదు. అది పొద్దున్నే పెంచలమ్మ చెప్పేసింది కాబట్టి సరోజకు అక్క దక్కింది.