ఆముదంతో ఎగిరిన విమానాలు

వనపర్తిలో ముప్పై ఏళ్లుగా విలేకరిని. కరువు, కరెంటు, బస్సులు రాసి రాసి విసుగెత్తి, ఒకసారి ఆదివారం పేజీకి పాత ఇంజన్ల మీద వ్యాసం పంపాను.

తొలినాటి విమానాలు కొన్నింటిలో ఇంజన్ ఇరుసు కదలకుండా బిగించి ఉండేది. దాని చుట్టూ సిలిండర్లన్నీ విమానం ముందుండే పంకాతో కలిసి గిర్రున తిరిగేవి. తిరిగితే గాలికి చల్లబడతాయని. అంతకుముందే అమెరికాలో కొన్ని కార్లకూ అలాంటి ఇంజన్లు పెట్టారు. విమానాల్లో కందెనగా పోసింది ఆముదం, అది పెట్రోలులో సులువుగా కలవదు కాబట్టి. ఇంజన్ దాన్ని బయటికి చిమ్మేది. అది మింగి పైలట్లకు విరేచనాలు పట్టుకునేవట. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ఇంజన్లు మూలపడ్డాయని చివరి పేరాలో రాశాను.

ప్రకటన వచ్చిందని డెస్కులో కింది నుంచి కోశారు. చివరి పేరా పోయింది. మామూలే కదా అని ఊరుకున్నాను.

వానలు పడ్డాక వేరే పని మీద గట్టు మండలానికి వెళ్తే, హోటల్ ముందు ఒక రైతు ఆపాడు. జేబులోంచి నా వ్యాసం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోతోంది.

"సారూ, ఇమానాలకు ఆముదం గావాలెనని రాసింది నువ్వే గద? మా ఆడామె పత్తి పెడదామన్నది. కొట్లాడి నాలుగెకరాలు ఆముదాలే పెట్టిన."

"అవి నూరేండ్ల కిందటి ఇమానాలే. ఇప్పుడు లేవు."

"మరి గా ముచ్చట రాయొద్దా?"

"రాసిన. పేపర్ల జాగ లేదని తీసేసిన్రు."

"నీ పేపర్ల జాగ లేకపాయె. నా చేన్ల మస్తుగుండె" అని నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "ఇంట్ల తెలిస్తే ఏడాదంతా దెప్పుతది" అన్నాడు.

అయినా చేను చూడమని తీసుకెళ్లాడు. మొలకలు రెండాకుల మీద ఉన్నాయి. మొలవని చోటల్లా అతని భార్య ఒడిలోంచి గింజలు తీసి మళ్లీ నాటుతోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"పేపరు సారు నువ్వేనా? ఇమానాలల్ల నిజంగ ఆముదమే పోసిన్రా? ఈయన మాట ఇంటే కండ్లు మూసుకొని బాయిల దుంకినట్టే."

అతను నేల చూస్తున్నాడు.

"పోసిన్రమ్మా. నిజమే" అన్నాను.

చివరి పేరా ఈసారి కోసింది నేనే.

"అయితే మంచిదే" అని ఆమె ఇంకో నాలుగు గింజలు చేతిలోకి తీసుకొని వంగింది.