బ్యాటరీకి కాచి చల్లార్చిన నీళ్ళు

ఇప్పుడు మేముంటున్న ఇర్వింగ్‌లో చలికాలం రెండు స్వెట్టర్లతో గడిచిపోతుంది. అంతకుముందు మిషిగన్‌లో ఉన్నప్పుడు అది ఐదు నెలల పరిపాలన. అక్టోబరు చివరి ఆదివారానికి మా చిన్న అల్యూమినియం పడవ చెరువులోంచి ఇంటి పక్కకు చేరాలి, దాని బ్యాటరీ గరాజ్‌లోకి రావాలి. ఈ క్రమాన్ని నేను ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

నేను విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. ప్రతి పనికీ ఒక వరుస ఉంటుందనీ, ఆ వరుసను పాటించడమే సగం పని అనీ నమ్మేవాణ్ణి. ముందు నెగటివ్ వైరు విప్పాలి, తరువాతే పాజిటివ్. వాటి కొనలకు పట్టిన తెల్లటి పొరను వంటసోడా నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. బ్యాటరీని నిండుగా చార్జి చేసి చెక్కపలక మీద ఉంచాలి. నిండుగా చార్జి ఉన్నది ఎంత చలినైనా తట్టుకుంటుంది. దిగిపోయినది లోపల గడ్డకట్టి పగిలిపోతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం మీటరు పెట్టి చూసి, పన్నెండున్నర వోల్టులకు తగ్గితే మళ్ళీ చార్జి చేయాలి. ఆ తరువాత మూతలు తీసి, లోపలి పలకలు మునిగేటంత డిస్టిల్డ్ వాటర్ పోయాలి.

ఇంత శ్రద్ధగా కాపాడుకున్న పడవలో నా భార్య ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. ఆమెకు నీళ్ళంటే భయం. ప్రతి వేసవిలోనూ ఒడ్డున మడతకుర్చీలో కూర్చుని, నేను కనుమరుగయ్యేదాకా చూసి, వచ్చేదాకా ఎదురుచూసేది. ఏడేళ్ళు అడిగి, ఆపైన అడగడం మానేశాను.

రెండు వేల ఆరో ఏడో గుర్తు లేదు, ఒక డిసెంబరులో ఇంటిముందు మంచు మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. గరాజ్‌కు రెండు మెట్లు దిగాలి. డాక్టరు ఆ రెండు మెట్లనూ నిషేధించాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర కాలు స్టూలు మీద పెట్టుకుని ఆజ్ఞలిస్తే, ఆమె లోపల అమలు చేసేది.

"ఎర్ర క్లిప్పు ఎక్కడ పెట్టావు?"

"ఎర్ర క్లిప్పు ఎర్రదానికేనండీ. నాకూ కళ్ళున్నాయి."

"చార్జరు ప్లగ్గు అప్పుడే పెట్టకు. ముందు క్లిప్పులు."

"ఇంజనీరుగారూ, పోయిన నెలే చెప్పారు. నోట్స్ కూడా రాసుకున్నాను, కావాలంటే పరీక్ష పెట్టండి."

జనవరి ఆదివారం నాడు మీటరులో అంకె చదువుతూ, "దీంతో పడవ ఎంతదూరం పోతుంది?" అని అడిగింది. పడవను నడిపేది పెట్రోలనీ, మోటారును నిద్రలేపడమే బ్యాటరీ పని అనీ చెప్పాను. ఫిబ్రవరి ఆదివారం నాడు మూతలు బిగిస్తూ, నా వైపు చూడకుండానే, "మేలో నన్నూ ఒకసారి తీసుకెళ్ళండి. ఇంత చాకిరీ చేశాక అదెలా తిరుగుతుందో చూడొద్దూ" అంది. సరేనన్నాను. ఆ సంతోషాన్ని పైకి కనపడనివ్వలేదు. అది నా అలవాటు.

మార్చిలో కట్టు విప్పారు. ఆ ఆదివారం నేనే మెట్లు దిగి మూతలు తీయించాను. నీటిమట్టం సరిగ్గా ఉంది. కానీ అరలో డిస్టిల్డ్ వాటర్ సీసా ఖాళీగా ఉంది.

"ఏం నీళ్ళు పోశావు?"

"పోయిన నెల సీసా అయిపోయింది. ఆ మంచులో నేను కారు తీయలేను కదా. కాచి, చల్లార్చి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టి పోశాను."

"ఎవరిని అడిగి పోశావు?"

"అడిగేదేముందండీ, చంటిపిల్లలకు పట్టే నీళ్ళు అవి. మన అమ్మాయిని అవే పట్టి పెంచాను."

కాచితే క్రిములు చస్తాయి గాని నీళ్ళలోని లవణాలు పోవనీ, అవి పలకల్ని పాడుచేస్తాయనీ చెప్పి ఊరుకుని ఉండవలసింది. ఊరుకోలేదు. చదువు లేనివాళ్ళకు యంత్రాలు అప్పగించడం నాదే తప్పు అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంది. "మీ బోటు, మీ బ్యాటరీ. ఇకమీదట మీరే చూసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. మే నెల మాట మళ్ళీ ఎత్తలేదు.

సన్నీవేల్ నుంచి అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, అమ్మని స్కోల్డ్ చేశావా? అది జస్ట్ ఒక బ్యాటరీ. సారీ చెప్పు." చెబుతానన్నాను. ఏప్రిల్ అంతా చెప్పలేదు. కొత్త బ్యాటరీ మాత్రం తెచ్చాను.

మేలో పడవను కారుకు తగిలించిన ఉదయం ఆమె కిటికీలోంచి అడిగింది. "నాది పారేశారా?"

పారేయలేదు. నిజానికి, ఒక్కసారి పోసిన ఆ కాసిని నీళ్ళతో బ్యాటరీ చావదని నాకు మార్చిలోనే తెలుసు. దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది, అంతే. తెలిసే అంత మాట అన్నాను. ఆ సంగతి కిటికీ దగ్గర నిలబడి, ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాను. మా ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను చెప్పిన మొదటి క్షమాపణ బహుశా అదే. నేను కొత్తదాన్ని గరాజ్‌లోనే వదిలి, పాతదాన్ని పడవలో బిగిస్తుంటే ఆమె బూట్లు వేసుకుని బయటికి వచ్చింది.

మోటారు రెండో ప్రయత్నానికి అందుకుంది. చీర మీద స్వెట్టరు, దానిపైన నారింజరంగు లైఫ్ జాకెట్టు వేసుకుని, పడవ అంచుల్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మంచు కరిగి రెండు వారాలైనా కాలేదు. చెరువు మీద మేము తప్ప ఎవరూ లేరు. నడిమధ్యకు వచ్చాక, "ఒక్కసారి ఆపండి. ఈ చప్పుడు లేకపోతే ఎలా ఉంటుందో చూడాలి" అంది.

తాళంచెవి మీద నా చేయి ఆగింది. ఒడ్డు చాలా దూరంలో ఉంది. తెడ్లు ఉన్నాయి గాని, కాలు అదిమిపెట్టి అంతదూరం లాగడానికి నా చీలమండ ఇంకా సిద్ధంగా లేదు.

"ఆపితే మళ్ళీ..."

"స్టార్ట్ అవుతుంది లెండి. మూడు నెలలు చూసుకున్నదాన్ని, నాకు తెలీదా?"

ఆపేశాను. పడవ కిందికి తాకే నీటి చప్పుడు తప్ప మరేదీ వినపడలేదు. ఆమె ఒక చేయి అంచు మీంచి తీసి, వేళ్ళు ఆ చల్లటి నీళ్ళలో ముంచింది. తిరుగుప్రయాణానికి తాళంచెవి నేను తిప్పలేదు. ఆమెను ఇటు రమ్మని, జరిగి చోటిచ్చాను.