పాడె మోసిన అభ్యర్థి

ఉదయం ఆరుంపావుకు మా ఆయన పాల ప్యాకెట్ కత్తిరించి గిన్నెలో పోసి, స్టవ్ మీద పెట్టి, పేపర్ కోసం గేటు దాకా వెళ్లారు. పాలు పొంగిపోయాయి. ఆయన లోపలికి రాలేదు. నేను వెళ్లి చూసేసరికి గేటు పక్క గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నారు. మిర్యాలగూడ నుంచి సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఎండ ఎక్కేసరికి మళ్లీ ఇంటికి తెచ్చాం.

పాడె లేపే సమయానికి వీధిలో కార్లు వచ్చి ఆగాయి. ముందు కారులోంచి దిగిన మనిషి చెప్పులు విడిచి, మా మరిదిని కాస్త పక్కకు జరిపి, పాడె కింద భుజం పెట్టాడు. అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. అతను అభ్యర్థి.

నేను గడపలో నిలబడి చూస్తున్నాను. ఏడుపు ఆగిపోయింది. మా ఆయన బతికుండగా ఆ మనిషికి ఎప్పుడూ ఓటు వేయలేదు. వేయనని అతని ముఖం మీదే చెప్పారు. వీధి మలుపు దాకా అతను మోశాడు. వెంట వచ్చినవాళ్లు ఫోన్లలో ఫోటోలు తీశారు. మలుపులో పాడెను ఇంకొకరి భుజానికి మార్చి కారెక్కి వెళ్లిపోయాడు.

మా ఆయన హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవారు. సొంతూరు నిడమనూరు వైపు. అక్కడి పొలం మా మరిది చేస్తాడు. అది కాలువ చివరి భూమి. పైన ఉన్నవాళ్లు తడుపుకోగా మిగిలిన నీళ్లే దానికి. అందుకే కావచ్చు, ఓటు విషయంలో ఆయన పద్ధతి వేరుగా ఉండేది. ఓటు అడగడానికి వచ్చిన వాళ్లెవరినైనా లోపలికి పిలిచేవారు. మంచినీళ్లు ఇచ్చేవారు. పోయినసారి ఏమన్నావు, ఏం చేశావు, ఈసారి అంటున్నది ఎట్లా చేస్తావు, అని అడిగేవారు. గొంతు పెంచేవారు కాదు. కొందరు చెప్పేవారు. కొందరికి అప్పుడే ఫోన్ వచ్చేది.

మా మామగారి దినాలకు కూడా రాని నాయకుడు ఒకాయన ఉండేవాడు. ఎదురుపడినా పలకరించేవాడు కాదు. ఆయన పదవిలో ఉన్నప్పుడు చివరి భూములకు నీళ్లు వచ్చాయి. మా ఆయన ఆయనకే ఓటు వేశారు. తండ్రి దినాలకు రానివాడికి వేశారని మరిది చాలా రోజులు మా ఇంటికి రాలేదు.

పాడె మోసిన మనిషి ఒకప్పుడు మార్కెట్ కమిటీ చైర్మన్. వడ్లలో తేమ ఉందని, తాలు ఉందని మిల్లుల వాళ్లు బస్తాకు కొన్ని కిలోలు కోసుకుంటారు. దాన్ని తరుగు అంటారు. త్రిపురారంలో మైకు పట్టుకుని తరుగు ఆపిస్తానని అతను చెప్పినప్పుడు మా ఆయన ఆ సభలో ఉన్నారు. అతను చైర్మన్‌గా ఉన్నన్ని రోజులూ తరుగు తగ్గలేదు. అడిగితే, అది నా చేతిలో లేదన్నాడు. చేతిలో లేనిది ఎందుకు ఒప్పుకున్నావని మా ఆయన అడిగారు. ఆ తర్వాత కనపడ్డప్పుడల్లా అడిగారు.

పదకొండో రోజు దినాలకు చుట్టాలంతా వచ్చారు. భోజనాల దగ్గర మరిది అన్నాడు, "ఈసారి మన ఇంటి ఓట్లు ఆయనకే వదినా. నేను మాటిచ్చిన."

"ఎవర్నడిగి ఇచ్చినవు?"

"అడిగేదేముంది? అన్న పాడె మోసిండు. పాడె మోసినోడు ఇంటి మనిషే గద."

పక్కన కూర్చున్న మా ఆయన మేనమామ కొడుకు నవ్వాడు. "బావ గిట్ల ఇంటే పాడె మీదికెంచి లేసి అడిగేటోడు. మలుపు దాకానేనా, కాష్టం దాకా వస్తవా అని."

"నీకు అన్నీ ఎక్కసక్కాలే," అన్నాడు మరిది. "ఇది సావు ఇల్లు, జర సూస్కో."

"తరుగు తీసింది నీ వడ్లకే గదా," అన్నాను.

"తరుగు అందరు తీస్తరు వదినా. పాడె అందరు మొయ్యరు."

నేను చుట్టూ చూశాను. తలలు ఊగుతున్నాయి. వాళ్లలో సగం మంది చివరి భూముల రైతులు. మా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆయన ఇన్నేళ్లు మాట్లాడింది ఎవరితో అనిపించింది.

వారం తర్వాత ఆ అభ్యర్థి ఓటు అడగడానికి వచ్చాడు. గది నిండా మనుషులు. అతను మా ఆయన ఫోటోకు దండం పెట్టి నా ఎదురుగా కూర్చున్నాడు.

"సారు లేని ఇల్లు సూడబుద్ధి అయితలేదమ్మా."

ఆయన ఉంటే ఏం అడిగేవారో నాకు తెలుసు. అదే అడిగాను. "పోయినసారి తరుగు ఆపిస్తనన్నరు. ఆపలేదు. ఈసారి ఎట్ల ఆపుతరు?"

కోదాడ నుంచి వచ్చిన మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఊరుకో. ఇంటికొచ్చినవాళ్లని అలా అడుగుతారా ఎవరన్నా?"

"మీ నాయన అడిగేటోళ్లు."

"నాన్న వేరు. ఆయన్ని నలుగురూ ఏమనుకునేవాళ్లో నీకు తెలీదు."

నాకు నిజంగానే తెలియదు. ఆ మాట నా కూతురి నోట వింటానని అనుకోలేదు.

అతను అమ్మాయిని చేత్తో వారించాడు. "అడగనియ్యమ్మా. సారు నన్ను శానాసార్లు అడిగిండు. నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పుడు గూడ లేదు, అబద్ధమెందుకు ఆడాలె? అందుకే ఆ రోజు భుజం పెట్టిన. సారుకు నా జవాబు గదే."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకొందరు అందుకున్నారు. మా ఇంట్లో, ఆయన ఫోటో ముందు, చప్పట్లు. మరిది కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. అమ్మాయి కూడా.

అతను అబద్ధం చెప్పి ఉంటే నాకు అంత దెబ్బ తగిలేది కాదు. తన దగ్గర జవాబు లేదని ఒప్పుకున్నాడు. మోసిన భుజాన్ని దాని బదులు చూపించాడు. గదిలో ఉన్నవాళ్లందరికీ అది సరిపోయింది. నేను ఇంకో మాట అనబోయాను. ఆ చప్పట్ల తర్వాత ఏం అడిగినా, చనిపోయిన మనిషి పాడె మోసినవాణ్ని ఆయన భార్య అవమానించినట్టే.

పోలింగు రోజు మరిది ఆటో తెచ్చాడు. అందరం కలిసే వెళ్లాం. నేను పాడె మోసిన మనిషికి వేయలేదు, మా ఆయన ఉంటే ఎవరికి వేసేవారో వాళ్లకే వేశాను. తిరిగి వస్తుంటే, ఎవరికి వేశావని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని వాళ్లకు తోచలేదు.

అతను గెలిచాడు. ఆ పంటకు కూడా తరుగు తీశారు. మరిది వడ్లు అమ్మి మా ఇంటి మీదుగానే వెళ్లాడు. టీ తాగాడు. ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాత మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డులో నిలబడ్డవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఆయన ఫోటోకు దండం పెట్టి, నాకు దండం పెట్టి వెళ్లారు. వాళ్లలో ఒకరు అంతకుముందు కౌన్సిలర్‌గా చేసినవాడే. మా వీధి మురుగు మోరీ అప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది.

మా ఇంట్లో ఇప్పుడు ఓటు కోసం వచ్చినవాళ్లను ఎవరూ ఏమీ అడగడం లేదు.