ఇంకా నల్లగున్నది

1996ల, క్రిస్మస్ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, పొద్దున పదకొండు గంటలు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి కూర్చున్న. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. పియానో పుస్తకాలైతే పేజీ నల్లదనం చూసి ఇచ్చేటోణ్ణి. స్వరాల చుక్కలు ఎంత దట్టంగుంటే వాయించుడు అంత కష్టమని, ఆ పుస్తకాల కోసం నా దగ్గరికి వచ్చే ఒకామె చెప్పింది.

ఆమె గన్‌ఫౌండ్రీల ఒక బ్యాంకులో క్లర్కు. నాంపల్లిలో ఒక చర్చిల పియానో వాయించేది. ఏ పుస్తకం తీసినా మోకాలి మీద వేళ్లతో వాయించి చూసేది. వేళ్లు ఆగకుండా నడిస్తే మూసేసి, "ఇంకా నల్లగున్నది లేదా అన్నా?" అనేది. మొండిది.

ఆ రోజు ఆమెకు పియానో నేర్పే మాస్టారు కూడా వెంట వచ్చిండు. నేనిచ్చిన పుస్తకంల రెండో వరుసకే ఆమె వేళ్లు చిక్కుపడ్డయి. ఆమెకు గదే కావాలె.

"వద్దమ్మా, ఒక్కో పేజీకి ఆరు నెలలు పడుతుంది," అన్నడు మాస్టారు. "ఈ వయసులో నీకెందుకు?"

"పేజీలెన్ని సార్?"

"పన్నెండు."

"అంటే ఆరేళ్లు. నా రిటైర్మెంటుకు ఇంకా ఏడేళ్లున్నయి. ఏడాది మిగుల్తది కద."

నేను పుస్తకం కాగితంల చుట్టి ఇచ్చిన.

గాడ ఉన్నది నలుగురం: ఆమె, మాస్టారు, పక్కన పాత మ్యాగజైన్లు అమ్మే చాచా, యాభై రెండేళ్ల వయసుల మరుసటి వారమే పలక కొనుక్కున్న నేను.