సమ్మె రోజున భాగ్యరేఖ డ్రైవింగ్ టెస్టు

ఆటోలూ ఈ-రిక్షాలూ ఒకరోజు బంద్ పెడదామా అని యూనియన్ మీటింగులో అడిగినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది భాగ్యరేఖే. ఎందుకెత్తిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకే బోధపడలేదు. స్టాండులో అంతమంది మగవాళ్ల మధ్య తానొక్కతే ఆడది. పక్కనున్న అప్పలసూరి బాబాయి చెయ్యెత్తుతూ తనవైపు చూశాడు. అంతే, చెయ్యి దానంతటదే లేచింది. కొత్తగా రాబోతున్న కరెంటు బస్సులు తమ సవారీలను లాగేసుకుంటాయి కాబట్టి బండ్లన్నీ ఆపేసి భిలాయిలోని సుపేలా చౌక్‌లో రోడ్డుకి అడ్డంగా కూర్చోవాలని తీర్మానించారు. ఎవడైనా ఆ రోజు బండి తీస్తే టైర్లలో గాలి తీసెయ్యాలన్న సలహా కూడా భాగ్యరేఖదే. ఆవేశంలో మనిషికి ఒళ్లు తెలియదు కదా.

అసలు సంగతేమిటంటే, ఆ బస్సులకే డ్రైవరుగా ఆవిడ అప్పటికి దరఖాస్తు పెట్టేసి ఉంది. మొగుడు గోపాలానికి తప్ప మూడో కంటికి తెలియదు. బస్సుల కంపెనీవాళ్లు టెస్టుకి రమ్మని కబురు పెట్టారు. చూస్తే సరిగ్గా బంద్ రోజే! నెహ్రూ నగర్ దగ్గర మైదానంలో, పొద్దున్నే. పిలిచినప్పుడు పలకనివాళ్లకి మళ్లీ అవకాశం లేదని మరీ గట్టిగా చెప్పారు.

భాగ్యరేఖ రిసాలిలో పుట్టి పెరిగింది. తండ్రి పాలకొండ వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు స్కూలు బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా ఈ పిల్ల మాత్రం డ్రైవరు వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడేది. ఆ పెద్ద చక్రం అలా తిరుగుతుంటే నోరు తెరుచుకుని చూసేది. పెళ్లయి, పిల్లలు పుట్టి, గోపాలం పనిచేసే వెల్డింగు షాపు మూతబడ్డ రోజుల్లో అప్పలసూరి ఆమెను కూర్చోబెట్టి ఆటో నేర్పాడు. సొంత బాబాయి కాడు. తండ్రి ఊరివాడు, అంతే. స్టాండులో ఆమె జోలికి ఎవడొచ్చినా ముందు అప్పలసూరిని దాటాలి. ఈ-రిక్షా కొనుక్కున్నాక ఇల్లు నిలబడింది. కానీ ఆ పెద్ద చక్రం మీద మోజు మాత్రం చావలేదు. పక్కనున్న దుర్గ్‌లో ఒక డ్రైవింగ్ స్కూల్లో చాటుమాటుగా బస్సు నేర్చుకుని హెవీ లైసెన్సు కూడా సంపాదించింది. లైసెన్సు చేతికొచ్చిన రోజు వంటింట్లో ఒక్కతే గంతులేసింది.

సరే, ఆ రోజు తెల్లారింది. గోపాలం బైకేసుకుని ముందురోజే నందిని గనుల్లో పనికి వెళ్లిపోయాడు. సిటీ బస్సులు ఆగిపోయి ఏళ్లయింది. ఆటోలు బంద్. వాకిట్లో తన ఈ-రిక్షా నిండుగా ఛార్జింగు ఎక్కి, రా రమ్మంటూ నిలబడి ఉంది. దాని వంక చూస్తే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తీస్తే చౌక్‌లో గాలి తీసేస్తారు, తన సలహా ప్రకారమే.

చెప్పులతో బస్సు నడపనివ్వరని భాగ్యరేఖ అన్నయ్యకి ప్లాంటులో ఇచ్చిన సేఫ్టీ బూట్లలో ఒక జత తొడుక్కుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, ఎండకి ముఖానికి స్కార్ఫు చుట్టి రోడ్డెక్కింది. అబ్బో, ఆ రోడ్డు! ఆటోలు లేవని ఊళ్లో ఉన్న ప్రతి స్కూటరూ, ప్రతి కారూ, అటకమీది సైకిళ్లతో సహా బయటికొచ్చాయి. హారన్లకి చెవులు చిల్లులు పడుతున్నాయి. చెయ్యి చాపీ చాపగానే ఒక స్కూటరు ఆగింది.

"బైఠో దీదీ, జల్దీ!" అన్నాడు హెల్మెట్టాయన.

భాగ్యరేఖ ఎక్కి కూర్చుంది. షిఫ్టు వేళ భిలాయిలో లిఫ్టు ఇవ్వడమూ, ఎక్కడమూ మాటల్లేకుండానే జరిగిపోతాయి. ఎక్కడికని ఎక్కించుకున్నాయన అడగలేదు, ఎక్కినావిడ చెప్పలేదు. ఆవిడ మనసంతా టెస్టు మీదే ఉంది. కళ్లు మూసుకుని "ఎడమ అద్దం, కుడి అద్దం, బ్రేకు, ఇండికేటరు" అని మంత్రంలా చదువుకుంటోంది. స్కూటరు ఆగింది. కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా ప్లాంటు మెయిన్ గేటు! నెహ్రూ నగర్ పూర్తిగా వేరే దిక్కు.

"ఒలమ్మో! ఇదేటి, ఇక్కడికి తెచ్చావు?" అని గొల్లుమంది భాగ్యరేఖ.

ఆయన హెల్మెట్టు తీశాడు. "తెలుగోళ్లా? సేఫ్టీ బూట్లేసుకుని, టిపినీ డబ్బా అట్టుకుని, జనరల్ షిప్టు టయానికి రోడ్డుమీద నిలబడితే మరెక్కడికి తెస్తారమ్మా? సినేమాకా?"

ఆయన పేరు తిరుమలరావు, రోలింగ్ మిల్లులో ఫిట్టరు. మాట నిజమే. భిలాయిలో ఆ వేళప్పుడు ఆ బూట్లు చూశాక ఎవరూ ఇంకేమీ అడగరు. తాను ఎవరినైనా ఎక్కించుకున్నా అలాగే తెచ్చి దింపేది. భాగ్యరేఖ కళ్లనీళ్లు కుక్కుకుంటూ నాలుగు ముక్కల్లో సంగతి చెప్పింది. బస్సు అనగానే తిరుమలరావు మొహం వెలిగిపోయింది.

"బస్సు తోల్తావా? ఆడకూతురివి, బస్సు తోల్తావా? ఆగాగు!" అని హాజరు సంగతి కూడా మర్చిపోయి, నైట్ షిఫ్టు దిగి గేట్లోంచి వస్తున్న జనం మధ్యకి వెళ్లి, నెహ్రూ నగర్ వైపు వెళ్లేవాళ్లెవరని చేతులూపుతూ అరిచాడు. "నెహ్రూ నగర్ కౌన్ జా రహా హై? బస్ చలానేవాలీ హై భాయ్, టెస్ట్ హై ఇస్‌కా!"

నలుగురు తిరిగి చూశారు. ఇద్దరు చప్పట్లు కొట్టారు. ప్లాంటు ఫస్ట్ ఎయిడ్ పోస్టులో నర్సు ఛాయ స్కూటీ ఆపి, "సుపేలా తక్ ఛోడ్ దూంగీ, ఆవో" అంది. రాత్రంతా డ్యూటీ చేసిన మనిషే గానీ, స్కూటీ తోలడం చూస్తే ఇప్పుడే నిద్రలేచి వచ్చినట్టుంది. ప్లాంటు కాలనీ సెక్టార్ల మధ్య సందుల్లో తిప్పి తిప్పి, భాగ్యరేఖ అమ్మవారికి మొక్కుకునేలోగా సుపేలా అండర్‌బ్రిడ్జి దగ్గర దింపేసింది.

అక్కడ ఇసకేస్తే రాలనంత జామ్. లారీలు, కార్లు, స్కూలు వ్యాన్లు ఎటు తలపెట్టినవి అటే ఆగిపోయాయి. డ్రైవర్లు దిగి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. చౌక్‌లో రోడ్డుకి అడ్డంగా ఆటోవాళ్లు కూర్చున్నారు. ముందు వరసలో తలకి తువ్వాలు చుట్టుకుని అప్పలసూరి. వాళ్ల పక్కనుంచి వెళ్లడం తప్ప భాగ్యరేఖకి వేరే దారి లేదు. స్కార్ఫు కళ్లదాకా లాక్కుని గోడ వారగా నడిచింది.

"భాగ్యరేఖ రాలేదేటి?" అని ఎవరో అడగడం వినిపించింది.

"వస్తాదిరా. ఆటోల్లేవు, రిసాలి నుంచి నడిసి రావాల కదా! ఆ గుంట మాటంటే మాటే," అన్నాడు అప్పలసూరి.

భాగ్యరేఖకి చెంప మీద కొట్టినట్టయింది. ఒక్క క్షణం కాళ్లు ఆగిపోయాయి. వెళ్లి ఆయన పక్కన కూర్చుంటే పోదా అనిపించింది. ఆ వెంటనే పెద్ద చక్రం కళ్లముందు తిరిగింది. ఇక వెనక్కి చూడకుండా పరుగందుకుంది. సేఫ్టీ బూట్లతో పరిగెత్తడం ఎంత నరకమో తొడుక్కున్నవాళ్లకే తెలుస్తుంది.

మైదానం చేరేసరికి మగ అభ్యర్థులు టెస్టు ముగించుకుని చెట్ల కింద టీలు తాగుతున్నారు. మధ్యలో నీలం రంగు బస్సు తళతళలాడుతోంది. టెస్టు పెడుతున్న రవిశంకర్ అనే తెలుగు ఇంజనీరు తలెత్తి చూశాడు.

"భాగ్యరేఖేనా? రెండుసార్లు పిలిచామమ్మా. పలకలేదు. అయిపోయింది."

"సార్, బస్సుల్లేక లేటయింది సార్! ఈ ఊళ్లో బస్సులుంటే నేనెందుకు లేటవుతాను? బస్సులు నడపడానికే కదా మీరు మమ్మల్ని పిలిచింది!"

చెట్ల కింద నవ్వులు లేచాయి. రవిశంకర్ మూతి బిగించుకుని చూశాడు గానీ ఆయనకీ నవ్వు ఆగలేదు. "ఎక్కు. చివరి టెస్టు నీదే," అన్నాడు.

ఎక్కింది. ఆ సీటులో కూర్చుని చక్రం మీద రెండు చేతులూ వేసేసరికి వేళ్ల చివర్ల నుంచి భుజాల దాకా ఒళ్లు జలదరించింది. మైదానంలో రేకు డబ్బాలు పెట్టి గుర్తుచేసిన వంపులన్నీ ఒక్క డబ్బాకీ తగలకుండా తిప్పింది. వెనక్కి తీసి చూపించింది. టీలు తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"బాగుంది. ఇక రోడ్డు మీద," అన్నాడు రవిశంకర్, వెనక సీట్లో సర్దుకుంటూ. "అందర్నీ దుర్గ్ వైపు పంపాను. ఇప్పుడు అటు లారీ ఆగిపోయి దారి మూసేశారట. సుపేలా వైపు పోనీ. చౌక్ దాకా వెళ్లి తిరిగొద్దాం."

భాగ్యరేఖ వెనక్కి తిరిగి చూసింది. "అటు బంద్ ఉంది సార్," అంది నీరసంగా.

"ఉంటే ఉండనీ. జామ్‌లో నడపలేనివాళ్లు ఈ ఊళ్లో బస్సేం నడుపుతారు?"

ఇక చెప్పడానికేముంది? బస్సు కదిలింది. పైనుంచి చూస్తే ఊరు ఊరే మారిపోయింది. రోజూ తనను పక్కకి నెట్టేసే కార్లు కిందెక్కడో చిన్నగా కనిపిస్తున్నాయి. భయం ఒక పక్క, ఆనందం ఒక పక్క. వాటిలో ఏది పెద్దదో తేల్చుకునేలోపే చౌక్ వచ్చేసింది. ఈ వైపు జామ్ అప్పటికి కాస్త పలచబడింది. బస్సు వెనకాలే రెండు లారీలూ, ఒక స్కూలు వ్యానూ వచ్చి చేరుకున్నాయి. ముందు ఆటోవాళ్లు. ఇక ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

నీలం బస్సు చూడగానే సమ్మెలో కూర్చున్నవాళ్లు ఒక్కసారి లేచారు. ఊపిరాడక భాగ్యరేఖ స్కార్ఫు ఎప్పుడో తీసేసింది. ఎవడో ఆమెను గుర్తుపట్టి బస్సు ముందరి అద్దం మీద చరిచాడు. "అరే, యే తో అప్‌నీ భాగ్యరేఖా హై! గద్దార్!"

ద్రోహి, ద్రోహి అంటూ అరుపులు మిన్నుముట్టాయి. అప్పలసూరి అందర్నీ తోసుకుంటూ వచ్చి డ్రైవరు కిటికీ కింద నిలబడ్డాడు. తలెత్తి చూశాడు. ఆ చూపు తట్టుకోవడం భాగ్యరేఖ వల్ల కాలేదు.

"నువ్వేటే ఇక్కడ?"

"టెస్టు, బాబాయ్."

"మాతో సెయ్యెత్తినావు కదే?"

"ఎత్తాను. తప్పే. నీతో చెప్పడానికి నోరు రాలేదు బాబాయ్. బస్సంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి." చూపు పక్కకి తిప్పుకుంది. చేతులు మాత్రం చక్రం వదల్లేదు.

వెనక నుంచి రవిశంకర్ కంగారుగా, "తలుపు తియ్యకమ్మా. ఎవరైనా డ్రైవర్ని పిలిపించి బండి వెనక్కి తీయిస్తాను," అన్నాడు.

ఆ మాట అప్పలసూరి చెవిన పడింది. ఆయన బస్సు ముందునుంచి వెనకదాకా ఒకసారి చూశాడు.

"సూడు బాబూ, ముందుకి ఒక్క అంగుళం ఒదల్ను. సమ్మంటే సమ్మే. ఎనక్కి తియ్యడానికి మాత్రం ఇంకో డ్రైవరు అక్కర్లేదు. దీనికి బండి నేర్పింది నేను." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఎనకాల పెట్రోలు బంకు సందుంది. అందులోకి తోకెట్టి తిప్పు. అద్దంలో నన్నే సూడు. ఇంకెవుడి మాటా ఇనకు."

తువ్వాలు తీసి నడుముకి బిగించి, ఆయన వెనక్కి నడిచాడు. పొద్దుటినుంచి ఆ రోడ్డు మూసిన మనిషే ఇప్పుడు లారీవాళ్లని గదమాయిస్తూ, స్కూలు వ్యానుని జరిపిస్తూ దారి చేస్తున్నాడు. "ఏటలా సూస్తారు? జరపండ్రా!" అని తన ఆటోవాళ్ల మీద కూడా కేకలేశాడు. గద్దార్ అన్నవాడే వెళ్లి ఒక కారుని వెనక్కి నెట్టాడు.

అప్పలసూరి బస్సు ఒంటి మీద అరచేత్తో దబదబా చరిచాడు. "రానీ! రానీ! కుడికి కొయ్యి! ఇంకా కొయ్యి! ఇప్పుడు తిన్నగా... రానీ రానీ రానీ... బస్!"

అంత పొడుగు బస్సు, గోడకి జానెడు దూరంలో, సందులోకి వెన్నలా దిగింది. ముందు భాగం నెహ్రూ నగర్ వైపు తిరిగింది. జామ్‌లో ఇరుక్కున్నవాళ్లంతా కిటికీల్లోంచి ఈలలు వేశారు. రవిశంకర్ వెనక సీట్లోంచి లేచి నిలబడి, "పాస్! పాసమ్మా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు.

భాగ్యరేఖకి అరవాలనీ, గంతులేయాలనీ, దిగి ఆ ముసలాయన కాళ్లమీద పడాలనీ అన్నీ ఒకేసారి అనిపించాయి. అప్పలసూరి చెమట తుడుచుకుంటూ కిటికీ కిందికి వచ్చాడు.

"బాగా తిప్పేవే," అన్నాడు. తల దించుకుని, ఎవరికీ వినపడకుండా మెల్లగా అన్నాడు. "రేపు ఈ సౌక్‌లో నీకు స్టాపుంటాది. నా బండి ముందర మాత్రం ఆపకే అమ్మా. రొవ్వంత అవతల ఆపు."

ఆమె జవాబు కోసం ఆయన ఆగలేదు. వెళ్లి ముందు వరసలో, తన చోట్లో కూర్చుని, పిడికిలెత్తి నినాదం అందుకున్నాడు. "సిటీ బస్!" అని ఆయన గొంతు ఖంగున లేచింది. "వాపస్ జావో!" అని, బస్సుల్ని వెనక్కి పొమ్మంటూ అందరూ అరిచారు. ఆ అందరిలో, స్టీరింగు పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్న భాగ్యరేఖ గొంతు కూడా ఉంది.

"ఏమన్నావమ్మా?" అని అడిగాడు రవిశంకర్.

"ఏమీ లేదు సార్," అని భాగ్యరేఖ ఇండికేటరు వేసి బస్సు కదిలించింది.